రంగు కింద చెక్క

గోడమీద సున్నం పెచ్చు లేచి కనిపిస్తే దాన్ని గోటితో గిల్లకుండా ఊరుకోగలిగినవాళ్ళు ఎంతమంది ఉంటారో చెప్పండి! పిల్లల్ని కోప్పడతాం గానీ పెద్దవాళ్ళమూ అంతే. రూపాయిబిళ్ళంత ఉన్నది చూస్తూండగానే అరచేయంత అవుతుంది. అప్పుడు మేకు కొట్టి అక్కడో క్యాలెండరు తగిలిస్తాం. ఆలోచించి చూస్తే మనుషుల లోపాలతోనూ మనం చేసేది చాలావరకు ఈ రెండు పనులే. గిల్లటం, లేదా కప్పెట్టటం. మూడో దారి ఒకటి ఉందనీ, దానికి కాస్త ఓపికా, కాస్త ధర్మచింతా కావాలనీ నాకు ఎలక్ట్రిక్ గిటారు చూస్తేగాని తోచలేదు.

గిటారుకీ మీకూ ఏమిటండీ సంబంధం అని నవ్వకండి. విశాఖపట్నంలో మా మేనల్లుడున్నాడు. పగలు బ్యాంకు ఉద్యోగం. సాయంత్రమైతే బాల్కనీని ఆనుకున్న చిన్నగదిలో గిటార్లు బాగుచేస్తూ కూచుంటాడు. నేను వెళ్ళినప్పుడల్లా చిక్కుడుకాయల పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని ఆ గది గుమ్మంలో చేరతాను. నా ఈనెలు నేను తీసుకుంటూ ఉంటే, వాడి పని వాడు చేసుకుంటూ, అడిగినదానికి సమాధానం చెబుతూ ఉంటాడు.

నేను మొదట అడిగిన ప్రశ్న మీరూ అడిగేదే. "ఇంత రంగు పగిలిపోయిందే, పాట చెడదట్రా?"

చెడదట. మన బొబ్బిలి వీణ సంగతి వేరు. పనసచెక్కలో తొలిచిన కుండ తీగతోపాటు కంపిస్తేనే దానికి నాదం. అక్కడ చిన్న బీట పడినా విద్వాంసుల చెవికి తెలిసిపోతుంది. ఎలక్ట్రిక్ గిటారులో చాలావాటికి లోపల బోలు ఉండదు. దిట్టమైన చెక్కదిమ్మ. ఉక్కుతీగల కింద అయస్కాంతాలూ, వాటి చుట్టూ వెంట్రుకలాంటి రాగితీగ వేల చుట్లూ ఉంటాయి. పైన తీగ కదిలితే కింద చుట్టలో సన్నగా కరెంటు పుడుతుంది. దాన్ని పెద్దది చేసి వినిపించేది పక్కనున్న పెట్టె. కాబట్టి పైరంగు పెచ్చు లేచినంత మాత్రాన పాటకు వచ్చే లోటేమీ లేదు.

"మరి ఎందుకురా ఈ తాపత్రయం?"

"ఊడిపోకుండా, అత్తా. ఇవాళ ఆవగింజంత ఊడుతుంది. చొక్కా బొత్తాం తగిలితే రేపు అణా కాసంత. లోపల చెక్క బయటపడితే చెమట పీలుస్తుంది, సముద్రపుగాలి తేమ పీలుస్తుంది. పీల్చిన చెక్క ఉబ్బుతుంది. ఉబ్బితే పక్కనున్న రంగూ లేస్తుంది."

ఆ రంగుకి పెద్ద కథే ఉంది. గిటార్లమీద వేసే వార్నిషును 'లాకర్' అంటారు. ఆ ఇంగ్లీషు మాటకి మూలం మన 'లాక్ష'. అంటే లక్కే! పాతరోజుల్లో లక్కతోనే వాద్యాలకు మెరుగు పెట్టేవారు. 1920లలో అమెరికాలో దూదిని ఆమ్లాల్లో నానబెట్టి తయారుచేసే నైట్రోసెల్యులోజ్ లాకరు వచ్చి కార్లకు రంగై కూచుంది. 'డ్యూకో' పెయింటంటే మనకీ తెలుసు కదా! బీరువాలకీ స్కూటర్లకీ వేయించాం. కాలిఫోర్నియాలో లియో ఫెండర్ అనే ఆయన కంపెనీ 1954లో స్ట్రాటోకాస్టర్ అనే గిటారు తెచ్చింది. తర్వాత వాటిమీద కార్లకు వేసే రంగులే వేశారు. ఆకుపచ్చ కారు నచ్చినవాడికి ఆకుపచ్చ గిటారు!

ఈ లాకరుకి మనిషి లక్షణాలు రెండున్నాయి. ఒకటి, వయసు మీదపడుతున్నకొద్దీ సాగేగుణం పోయి పెళుసెక్కటం. చెక్కేమో తేమకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. పైనున్న పాత రంగు దానితోపాటు కదలలేక చిట్లుతుంది. చలిదేశాల్లో రాత్రంతా కారులో ఉన్న గిటారు పెట్టెను వెచ్చటి గదిలోకి తెచ్చి ఒక్కసారిగా తెరిస్తే, చూస్తూండగానే సాలెగూడులాగా సన్నటి గీతలు పరుచుకుంటాయట. రెండో లక్షణం నాకు నచ్చింది. ఎన్నేళ్ళయినా కొత్త లాకరు చుక్క పడితే పాతది కాస్త కరిగి దానిలో కలిసిపోతుంది. 1960ల చివరినుంచి ఎక్కువ వాడకంలోకి వచ్చిన పాలియెస్టరు రంగులు అలాక్కాదు. అవి గట్టిగా, మందంగా, గాజుపెంకులా ఉంటాయి. ఒకసారి గడ్డకట్టాయంటే దేనితోనూ కలవవు. విరిగితే పెచ్చులు పెచ్చులుగా లేవటమే. ఇలాంటి మనుషులు రెండు రకాలూ మీ బంధువుల్లో ఉండే ఉంటారు, పేర్లు చెప్పక్కర్లేదు.

మా వాడు మరమ్మతు చేసేది చూస్తే మన వంటింటి పనే గుర్తుకొస్తుంది. ముందు మెత్తటి బ్రష్షుతో దుమ్ము తీస్తాడు. లేచిన పెచ్చుమీద టేపు మాత్రం అంటించడు. అంటిస్తే టేపుతోపాటు పెచ్చూ వచ్చేస్తుంది. నీళ్ళలా పల్చగా ఉండే సూపర్ గ్లూని పళ్ళుకుట్టుకునే పుల్ల కొసన తీసుకుని పగులు అంచున తాకిస్తాడు. అంతే. నూనెని వత్తి పీల్చుకున్నట్టు ఆ సన్నటి సందే జిగురును లోపలికి లాక్కుంటుంది. పైన పాలిథీన్ కాగితం పరిచి మెల్లిగా అదిమి పట్టుకుంటాడు. చుక్క ఎక్కువైతే బయటికి కారి కొత్త మచ్చ. తొందరపడి అదిమితే పెచ్చు పుటుక్కున విరుగుతుంది. ఆ ఘాటుకి కళ్ళు మండుతాయని కిటికీ తీసిపెట్టుకుంటాడు.

పెచ్చు రాలిపోయి గుంట పడినచోట చుక్కచుక్కగా నింపుతాడు. చుక్క ఆరాక ఇంకో చుక్క. లాకరైతే ఆరుతున్నకొద్దీ కుంగుతుంది కాబట్టి కాస్త ఎత్తుగా నింపి, రోజులూ వారాలూ వదిలేయాలి. తర్వాత బ్లేడుకి రెండు కొసలా టేపు చుట్టి, మధ్య భాగంతో ఆ ఎత్తును గీకుతాడు. టేపు ఉండటంవల్ల చుట్టూ ఉన్న మంచిరంగుకు గీత పడదు. ఆపైన తడి గరుకుకాగితం 800 నంబరు, 1200, 2000, చివర పాలిషు. మొత్తం రంగు గీకేసి కొత్తది వేయించుకుంటే పోదా అని అడిగేవాళ్ళు ఉంటారట. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకంటాడు మా వాడు.

అయితే ఇదంతా తర్వాతి సంగతి. పుల్ల పట్టుకునేముందు వాడు చేసే పని ఒకటుంది. అసలు నేను చెప్పదలుచుకున్నది దాని గురించే.

"రంగు పగిలిందా, చెక్క పగిలిందా, ముందది తేలాలి అత్తా."

పైకి రెండు గీతలూ ఒక్కలాగే ఉంటాయి. అందుకని గీతకు అటూ ఇటూ బొటనవేళ్ళతో నొక్కి, నోరు విప్పుతుందేమో చూస్తాడు. వేలి కణుపుతో తట్టి వింటాడు. కింద పట్టు వదిలిన రంగైతే డొల్లగా మోగుతుంది. గిటారు మెడ వచ్చి బిగిసేచోట మూలల్లో పగుళ్ళు సాధారణం. అక్కడ తీగలు వదులుచేసి, మరలు విప్పి, మెడ పక్కనపెట్టి లోపలినుంచి చూస్తాడు. చాలాసార్లు లోపల చెక్క శుభ్రంగా ఉంటుంది. పగిలింది పైపొర మాత్రమే. కొన్నిసార్లు మాత్రం ఆ గీత చెక్కలోకి దిగి ఉంటుంది.

క్రిందటేడు ఇంజనీరింగు చదివే కుర్రాడొకడు తన గిటారు తెచ్చాడు. అమ్మేయాలి, చెల్లెలి ఫీజు కట్టాలి. కొనటానికి ఒప్పుకున్నది ట్యూషన్లు చెప్పి డబ్బు కూడబెట్టుకున్న ఒక అమ్మాయి. గిటారుకు రెండు పగుళ్ళున్నాయి. మెడ దగ్గరిది రంగు పగులే. రెండోది తీగల్ని మోసే బ్రిడ్జి మేకు పక్కన. అది నిలువునా చెక్కలోకి దిగింది. ఆరు తీగలూ కలిసి దాదాపు 45 కిలోల బలంతో లాగుతుంటాయట. ఆ లాగుడంతా మోసేది ఆ మేకులే.

మా వాడు పగుల్లోకి జిగురు దింపి, బిగింపు వేసి, రెండురోజులు ఉంచాడు. మేకు కన్నం పెద్దది చేసి గట్టిచెక్క బిరడా దించి, మళ్ళీ తొలిచి మేకు బిగించాడు. గట్టిగానే ఉంది. సన్నటి గీత మాత్రం మిగిలింది.

"ఆ గీత కనబడకుండా చేసేయన్నా, రెండోదీ అంతే. చూస్తే ఆ అమ్మాయి బేరం తగ్గిస్తుంది" అన్నాడు కుర్రాడు.

నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. ఒకవైపు చెల్లెలి ఫీజు, ఒకవైపు ట్యూషన్ల డబ్బు. ఇద్దరూ లేనివాళ్ళే. మన కథల్లోలాగా దుర్మార్గుడు ఎవరూ లేడు, తిట్టేసి ఊరుకోవటానికి.

మా వాడు కాసేపు ఆలోచించి అన్నాడు. "మెడ దగ్గరిది కనబడకుండా చేస్తాను. నువ్వు చెప్పినా చెప్పకపోయినా ఫర్వాలేదు, దానిమీద బరువేమీ లేదు. ఇది మాత్రం మూసేస్తే మూసేశానని నువ్వు చెప్పాలి. దీనిమీద 45 కిలోలు ఆనుకుని ఉంటాయి. ఏడాది తర్వాత ఇది మళ్ళీ విచ్చితే, ఎందుకు విచ్చిందో తెలియక ఆ పిల్ల తనే పాడుచేశాననుకుంటుంది."

కుర్రాడు చెప్పాడు. ఆ అమ్మాయి మూడువేలు తగ్గించి తీసుకుంది. ఆ మూడువేలకూ అతను రెండు నెలలపాటు పెళ్ళిళ్ళలో వాయించి ఫీజు పూర్తిచేశాడు. నిజం చెబితే అన్నీ కలిసొస్తాయని నేనైతే పిల్లలకు చెప్పను. నిజానికి ఖర్చు ఉంటుంది, అది ఎవరో ఒకరు పెట్టుకోవాలి. చెప్పినవాడు పెట్టుకుంటే రెండు నెలల్లో తీరిపోతుంది. చెప్పకపోతే ఆ ఖర్చు ఏమీ ఎరగనివాళ్ళ నెత్తిన పడుతుంది, అదీ వడ్డీతో.

ఆనుకోవటం అనే ఆ ఒక్కమాట పట్టుకుంటే మన ఇళ్ళల్లో చాలా తగువులు తేలిపోతాయనిపిస్తుంది నాకు. నెరిసిన జుట్టుకు రంగేసుకోవటం మోసమా? మా వీధిలో ఒకావిడ అవునని గట్టిగా వాదిస్తుంది. నల్లజుట్టు మీద ఎవరి బరువూ ఆనదు, వేసుకోనివ్వండి! చుట్టాలొచ్చేవేళకి మొగుడూపెళ్ళాల చిరుబురులు మింగేసి నవ్వుముఖం పెట్టడం? అదీ పైపూతే. అన్నం వేళకు ఆ మాత్రం పూత లేకపోతే వచ్చినవాళ్ళకు ముద్ద దిగదు. కానీ చెమ్మ ఊరుతున్న గోడకి సరిగ్గా అద్దెకొచ్చేవాళ్ళు చూసుకునే ముందురోజు రంగు వేయించటం ఉందే, అది వేరు. ఆ గోడకానించి ఒకావిడ ఉయ్యాలకట్టి పసిపిల్లను పడుకోబెడుతుంది. పిల్లవాడికి మీదున్న అప్పులు దాచి పెళ్ళిచూపులకు కూచోబెట్టటమూ అంతే. ఒక పిల్ల తన బతుకంతా తెచ్చి అక్కడ ఆనించబోతోంది. పైన పటారం, లోన లొటారం అనే సామెత అందుకే పుట్టింది. పటారం ఉండటం తప్పని పెద్దలు అనుకుని ఉండరు. లొటారం మీద ఇంకొకర్ని నిలబెట్టటమే తప్పు.

భారతంలో లక్క ఇల్లు చూడండి. వారణావతంలో పురోచనుడు కట్టించిన ఆ ఇంటికి నునుపుకీ మెరుపుకీ లోటు లేదు. లక్క నిప్పు తగిలితే మండేదని తెలిసే పూయించాడు. లోపల పడుకోబోయేది ఒక తల్లీ, అయిదుగురు కొడుకులూ. విదురుడు గూఢంగా ఒక్కమాట చెప్పబట్టి బతికి బయటపడ్డారు. ఆ మాట అనటానికి విదురుడికీ ఖర్చే. ఉప్పు తింటున్నది ధృతరాష్ట్రుడి కొలువులో మరి!

అలాగని ప్రతి మచ్చా బాగుచేయవలసిందేనా? ఐర్లండ్‌లో రోరీ గాలహర్ అనే గాయకుడుండేవాడు. పదిహేనేళ్ళ వయసులో, 1963లో, కార్క్ ఊళ్ళో 100 పౌండ్లకు ఒక పాత స్ట్రాటోకాస్టర్ కొన్నాడు. పేదింటి పిల్లాడికి అది పెద్ద అప్పు. ఒకసారి దొంగలెత్తుకుపోయి, వానలో గుంటలో పారేస్తే దొరికింది. ఆ తడికీ, ఏళ్ళతరబడి అతను కార్చిన చెమటకీ రంగు దాదాపు అంతా ఊడిపోయి చెక్క బయటపడింది. అతను మళ్ళీ రంగు వేయించలేదు. 1995లో పోయేదాకా దాన్నే వాయించాడు. 2024లో లండన్ వేలంలో అది ఖర్చులతో కలిపి 9 లక్షల పౌండ్లకు కాస్త తక్కువగా పలికింది. కొన్నవారు ఐర్లండ్ జాతీయ మ్యూజియానికి ఇవ్వటానికే కొన్నారు. ఇప్పుడు దానిమీద ఎవరైనా కొత్తరంగు వేస్తే దేశం ఊరుకోదు. కూరగాయలు తరిగి తరిగి మధ్యలో గుంటపడిన అమ్మమ్మ కత్తిపీట చెక్కని చదును చేయించబుద్ధి అవుతుందా?

తమాషా ఏమిటంటే, ఇలాంటి అరుగుదల చూసి జనం ముచ్చటపడటంతో 1995 నుంచి ఫెండర్ కంపెనీయే కొత్త గిటార్లకు రంగు గీకి, దెబ్బలు కొట్టి, తుప్పు పట్టించి 'రెలిక్' అనే పేరుతో అమ్ముతోంది. మామూలు కొత్తదానికన్నా ఖరీదు ఎక్కువ! ఏడవకుండా కళ్ళు ఎర్రబడటమంటే ఇదే. అయినా మోసమనలేం. కొత్తదాన్ని అరగదీశామని వాళ్ళు చెప్పే అమ్ముతున్నారు. ఎవడైనా దాన్ని తెచ్చి 1961 నాటి అసలు సరుకని నమ్మించి అంటగడితే, అప్పుడది లక్క ఇల్లే అవుతుంది.

ఇంతవరకూ ఇతరుల బరువు గురించి చెప్పాను. నన్ను నిజంగా బాధపెట్టేది ఇంకోటుంది. దాని మీద ఆనుకున్నది ఎవరని వెతికితే, రంగు వేసుకున్న మనిషే కనిపిస్తుంది.

మనలో ఎంతమంది ఆడవాళ్ళు పుట్టింటినుంచి ఫోనొస్తే "బాగానే ఉన్నానమ్మా" అని పెట్టేయటంలేదు! చాలాసార్లు అది రంగు పగులే. జ్వరమో, అత్తగారితో మాటపట్టింపో, నాలుగురోజుల్లో పోయేదే. అమ్మని కంగారుపెట్టటం ఎందుకనుకోవటం మంచితనమే. కానీ ఒక్కోసారి అదే మాట చెక్క పగులు మీద పూసిన రంగవుతుంది. చెయ్యెత్తుతున్న భర్త ఉంటాడు. ఆరునెలలుగా చెప్పుకోని రొమ్ములో గడ్డ ఉంటుంది. రాత్రిళ్ళు నిద్రపట్టని దిగులుంటుంది. 45 కిలోలేమిటి, సంసారం బరువంతా ఆ ఒక్కచోటే లాగుతూ ఉంటుంది. ఆవిడ మాత్రం పైన నున్నగా పాలిషు పెడుతూనే ఉంటుంది. అక్కడ దాచటం సహనమూ కాదు, కుటుంబ గౌరవమూ కాదు. మోసపోతున్నది తనే. ఇలాంటి పగులు తనంతట అతుక్కోదు. ముందు తీగలు వదులుచేసి ఎవరైనా లోపలినుంచి చూడాలి. ఆ ఎవరైనా అమ్మ కావచ్చు, డాక్టరు కావచ్చు, ఎదురింటావిడ కావచ్చు.

అయితే చూసేవాళ్ళకీ ఒక మర్యాద ఉంది. మా మేనల్లుడు పెచ్చును గోటితో గిల్లి "ఇదిగో చూశారా" అనడు. అటూ ఇటూ మెల్లిగా నొక్కుతాడు, తట్టి వింటాడు. మనకేమో ఎవరింట్లోనైనా గీత కనిపిస్తే గోరు ఊరుకోదు. నలుగురిలో "ఏమిటమ్మా అలా చిక్కిపోయావు, ఇంట్లో అంతా సరిగ్గానే ఉందా?" అని గిల్లేస్తాం. ఆ పిల్ల ఇంకో పూత మందంగా వేసుకుంటుంది. పక్కన కూచుని చిక్కుడుకాయలు ఒలుస్తూ, ఆ మాటా ఈ మాటా చెబుతూ ఉంటే, ఎప్పుడో ఒకప్పుడు గొంతు డొల్లగా మోగటం వినిపిస్తుంది. అప్పుడు అడగాలి. అడిగి, చెప్పినది మన దగ్గరే ఉంచుకోవాలి. జిగురు పట్టేదాకా కదపకుండా పట్టుకోవటం కూడా మరమ్మతులో భాగమే కదా!

మచ్చలన్నీ మాపాలని నాకు లేదు, అన్నీ చాటాలనీ లేదు. మన ఇళ్ళల్లో, మన ఒంట్లో, మన పిల్లల జీవితాల్లో ఏ గీత కనిపించినా ముందు ఆ కుర్రవాడి పద్ధతిలో ఒక ప్రశ్న వేసుకుంటే చాలనిపిస్తోంది. దీనిమీద బరువుందా? లేకపోతే మీ ఇష్టం, రంగేసుకోండి, మానేయండి. ఉంటే మాత్రం, ఆనుకున్నవాళ్ళకు ఆ సంగతి చెప్పాలి. ఆనుకున్నది మీరే అయితే, మీకు మీరే చెప్పుకోవాలి. ఏమంటారు?